అమ్మ మాట మోసే మనిషి

మా ఆడబిడ్డ విశాలాక్షి ఒంటి మీదికి ప్రతి మంగళవారం ఎల్లమ్మ వస్తుంది. ఆ రోజు, గుజరాత్‌లో మేం బతకడానికొచ్చిన ఉధ్నాలో, మా అద్దె గది ముందు పొద్దున ఎనిమిదింటికే చెప్పులు గుట్ట పడతాయి. రాత్రి పాళీ దిగి వచ్చిన మగ్గం పనివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ఊరి ఆ చివరి కతర్‌గామ్ నుంచి ఇద్దరు ముగ్గురు గుజరాతీలు కూడా వస్తారు. ఈ రాష్ట్రంలో కల్లు దొరకదు కదా, అమ్మ ముందు సాకగా ధార పోయడానికి బెల్లం నీళ్లలో వేపాకు వేస్తాం. ఇరవై ఏళ్లుగా అమ్మ దానికే సర్దుకుంది. మనుషులే దేనికీ సర్దుకోరు.

అమ్మ వచ్చినప్పుడు తన నోటి వెంట ఏ మాట వచ్చిందో వదినకు గుర్తుండదు. అందుకని ఎదురుగా కూర్చుని అడగడానికి, విన్నది విన్నట్టు చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను, పద్మారాణిని. నాకు నోరెక్కువని వాడంతా అంటారు. అననీ. అమ్మ మాటలో మాత్రం నేను ఉప్పు గింజంత కలపలేదు, తీయలేదు.

పోయినేడు శ్యాంసుందర్ అనే మగ్గం పనివాడు వచ్చాడు. పక్క మగ్గం మీద స్నేహితుడి చెయ్యి నలిగినప్పటి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. "వాని ఇంటికి పోయినవారా?" అని అమ్మ అడిగింది. మొహం చెల్లక పోలేదన్నాడు. "పదకొండు మంగళారాలు బువ్వ తీస్కపోయి, వానితోని కూసొని తిను" అంది. నాలుగో వారానికే నిద్ర పట్టింది. డాక్టరు ఇచ్చిన గోలీలు కూడా మానొద్దని నేను చెప్పాను. అది నా మాట, అమ్మది కాదని చెప్పి మరీ చెప్పాను.

అమ్మ దిగిపోయాక, పసుపు నీళ్లకు తడిసిన వదిన చీర మార్చేది కూడా నేనే. ఆషాఢంలో ఒకరోజు అలా మారుస్తుంటే ఎడమ రొమ్ము కింద నా చేతికి గడ్డ తగిలింది. నిమ్మకాయంత ఉంది.

"ఎన్నాళ్ల సంది వదినె?"

"ఉగాది సంది. నొయ్యదే, అదే పోతది."

"దవాఖానకు పోదాం."

"అమ్మ చెప్తె పోత."

"అమ్మ ఎట్ల చెప్తది? నీ గురించి ఎవలడుగుతరు?"

"అడగొద్దు. అమ్మ ఎవలి మీదికొస్తదో వాళ్ల గురించి అడిగేది లేదు. పెద్దలు పెట్టిన కట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరందరి ఒంటికీ మందు చెప్పే మనిషి, సొంత ఒంటికి తలుపేసుకుంది! నాలుగు వారాలు పోరాను. బతిమాలాను, తిట్టాను, ఒక పూట అన్నం మానేశాను. మా ఆయన సోమలింగం కూడా చెప్పి చూసి, "వింటె అది మా అక్క ఎందుకైతది?" అని చేతులెత్తేశాడు.

ఐదో మంగళవారం అందర్నీ పంపేసి తలుపు గడియ పెట్టాను. అమ్మ ఇంకా దిగలేదు. మోకాళ్ల దాకా జుట్టు ఊగుతోంది. చెంపలేసుకుని, కట్టు తప్పి అడిగాను.

"తల్లీ, నువ్వొచ్చే ఈ బిడ్డ పాణానికి ఏమైతది?"

ఊగుతున్న తల ఆగింది.

"ఇది నా బిడ్డ. నేనే తోల్కపోత" అంది అమ్మ.

హారతి పట్టేటప్పుడు కర్పూరం పళ్లెంలోంచి కింద పడింది. వదిన కళ్లు తెరిచి నీళ్లు తాగింది.

"ఆఖరికి ఏమన్నదే అమ్మ?"

"నీ గురించే అడిగిన. తిడితె తిట్టు. సోమారం పొద్దుగాల తొమ్మిదింటికల్ల పెద్ద దవాఖానకు పొమ్మన్నది. ఆధార్ కార్డు, దాని జిరాక్సు గూడ పట్టుకపొమ్మన్నది."

వదిన నా మొహంలోకి చూసింది. నేను గబగబా తడి చీర పిండటం మొదలుపెట్టాను.

"సరే, పోదాం" అంది.

గడ్డ మంచిది కాదని తేలింది. ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత ఆరు ఇంజెక్షన్లు. ఆ జుట్టంతా రాలిపోయింది. వదిన మంచం మీద ఉన్నన్ని మంగళవారాలూ అమ్మ రాలేదు. జనం మాత్రం వచ్చారు. శ్యాంసుందర్ డబ్బాలో బువ్వ తెచ్చి, వదిన ఎదురుగా కూర్చుని తినేవాడు. పదకొండు వారాలు తప్పకుండా వచ్చాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం అమ్మ నోట అబద్ధం పెట్టానే అని లోలోపల కుమిలిపోయాను. ఏ కీడు వచ్చినా నాకే రావాలని మొక్కుకున్నాను.

ఆఖరి ఇంజెక్షన్ అయి ఆటోలో ఇంటికొస్తున్నాం. వదిన ఉన్నట్టుండి అడిగింది.

"పద్మా, ఎల్లమ్మకు ఆధార్ కార్డెందుకే?"

నేను ఒళ్లో ఉన్న దవాఖాన కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"తెలిసి గూడ ఎట్లొచ్చినవ్ మరి?" అన్నాను.

"ఇరవై ఏండ్లల్ల ఒక్క మాట కలపని దానివి. నువ్వే అబద్ధమాడినవంటె ఎంత భయపడ్డవో అనుకున్న. గందుకే వచ్చిన."

నేను భోరుమని ఏడ్చేశాను. ఆటోవాడు అద్దంలోంచి చూశాడు. చూడనీ!

"అసలు అమ్మ ఏమన్నది?"

చెప్పేశాను, ఉన్నది ఉన్నట్టు. వదిన బోడి తల మీద కొంగు సర్దుకుంది.

"ఎప్పుడు తోల్కపోతదో అడిగినవా?"

"లేదు."

"మంచి పని జేసినవ్" అని నా చెయ్యి పట్టుకుంది. "ఇగ అడుగకు."