సర్దుబాటు పుస్తకం

శుక్రవారం మధ్యాహ్నమే లెక్కల టీచరు సంచీ సర్దడం మొదలుపెట్టింది. నీళ్ల సీసా, కళ్లజోడు పెట్టె, దువ్వెన. చీపురుతో గుమ్మంలో నిలబడ్డ ఆయా ఊడవడం ఆపేసింది. ఇరవై రెండేళ్లుగా ఆ స్టాఫ్‌రూము ఊడుస్తున్న మనిషి. వెళ్లిపోయేవాళ్లను సంచీని బట్టే పసిగట్టేస్తుంది. ఒకాయనైతే టీ తాగొస్తానని వెళ్లి రాజీనామా పోస్టులో పంపాడు.

చివరికి దిద్దని పరీక్ష కాగితాల కట్ట కూడా సంచీలోకి వెళ్లింది. ఆయా ఊపిరి పీల్చుకుంది. పని ఇంటికి మోసుకెళ్లేవాళ్లు తిరిగొస్తారు.

ఆయా మనవరాలు అదే బడిలో పదో తరగతి. రెండేళ్లు లెక్కలు చెప్పే దిక్కులేక, కూడికకు కూడా వేళ్లు లెక్కపెట్టుకున్న పిల్ల, ఈ టీచరొచ్చాక అన్నం తింటూ కంచం చుట్టుకొలత చెబుతోంది. పరీక్షలు ఇంక మూడు నెలలే.

ఆఫీసు గంట మోగింది. హెడ్మాస్టరు సర్దుబాటు పుస్తకం చేతికిచ్చాడు. టీచరు లేని క్లాసులకు ఎవరు వెళ్లాలో ఆయన అందులో రాస్తే, తీసుకెళ్లి సంతకాలు పెట్టించడం ఆయా పని. ఎవరు బాగా చెబితే వాళ్ల ఖాళీ పీరియడ్లే ముందు నింపడం ఆ బడిలో అలవాటు. సోమవారం ఎనిమిది పీరియడ్లకు ఎనిమిదీ లెక్కల టీచరువే.

ఆయా కదల్లేదు. మొన్న ఆవిడ క్లాసు మధ్యలో గోడ పట్టుకుని కూలబడిందనీ, ఒక్క పీరియడన్నా వదిలెయ్యమనీ గొణిగింది.

"ఆవిడ బంగారం, కాదనదు," అని నవ్వాడాయన. "నువ్వెప్పుడు ఇన్‌స్పెక్టరువయ్యావు? పట్టుకెళ్లు."

వరండాలో ఆయా కాళ్లీడ్చుకుంటూ నడిచింది. ఈ పుస్తకం చూడకముందే బస్సొచ్చి ఆవిణ్ణి ఎక్కించుకుపోతే బాగుండుననుకుంది. బస్సు రాలేదు.

లెక్కల టీచరు పుస్తకాన్ని పైనుంచి కిందికి చదివింది. సంతకం పెట్టింది. తరవాత సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద ఉంచింది.

"ఇవి ఇంకెవరైనా దిద్దుతార్లే, ఆయమ్మా."

ఆయా కట్టను మళ్లీ ఆవిడ వైపు జరిపింది. "సోమవారం వస్తారు కదమ్మా?"

"సంతకం పెట్టానుగా."

"అది కాదమ్మా, మా పిల్ల..."

టీచరు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మీ పిల్లకి లెక్కలంటే భయం పోయింది. ఇక ఎవరు చెప్పినా వస్తాయి."

ఎవరు చెబుతారని ఆయా అడగలేకపోయింది. గేటు దాకా వెంట వెళ్లి, బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

స్టాఫ్‌రూము కిటికీ ఊచకు ఆవిడ నల్ల గొడుగు వేలాడుతూ మిగిలిపోయింది; లెక్కల టీచరు ఆ సోమవారమూ రాలేదు, పరీక్షలు మొదలైన రోజూ రాలేదు, ఆ తరవాతా రాలేదు.