కొవ్వు చెప్పే మాట

ఆదివారం పొద్దున స్నానాల గదిలో తల్లి కూతురి మెడ రుద్దుతోంది. సబ్బు అయింది, గుడ్డ అయింది, ఇప్పుడు అంట్లు తోమే పీచు పట్టింది. మెడ చుట్టూ నల్లగా, మందంగా కట్టిన చార ఎంతకీ వదలడం లేదు. పంతొమ్మిదేళ్లొచ్చినా మెడ కడుక్కోవడం కూడా తనే నేర్పాలా అని తల్లి విసుక్కుంటోంది. చర్మం చిట్లి రక్తం వచ్చేదాకా ఆ పిల్ల పళ్లు బిగబట్టి నిలబడింది. ఆ తల్లి చెడ్డది కాదు. తన కూతుర్ని చూసి నలుగురూ నవ్వకూడదన్నదే ఆమె తాపత్రయం. అది మట్టి కాదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, అంతే.

ఆ పిల్లను అందరూ చిన్ని అంటారు. పుట్టినప్పుడు రెండు కిలోలైనా లేదని పెట్టుకున్న ముద్దుపేరది. ఇప్పుడు ఒళ్లు బాగా పెరిగాక ఆ పేరు పెట్టి పిలిస్తే వీధి వీధంతా నవ్వుతుంది. తండ్రి మిల్లులో మరమగ్గాల షెడ్డుకు మేస్త్రి. ముప్ఫై ఏళ్లు ఆ మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు. రెండేళ్ల కిందట వంటింటి అల్మరాకు తాళం వేసింది ఆయనే. నోరు కట్టుకుంటే ఒళ్లు దానంతటదే తగ్గుతుందని ఆయన వాదన. చిన్ని ఒక రోజు పస్తుండేది, రెండో రోజూ ఉండేది. మూడో రోజు ఆగలేక పొయ్యి మీది గిన్నెలోంచి దొంగచాటుగా తినేది. ఆ పైన తిట్లు కూడా తినేది.

మెడ మీద గాయం చీము పట్టడంతో తండ్రి ఆమెను మిల్లు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ గాయానికి కట్టు కట్టి, ఆ చారను వేలితో తడిమి చూసి, రక్తపరీక్ష చేయించింది. చక్కెర ఇంకా జబ్బుగా మారలేదు కానీ గీత మీదే ఉంది. ఇన్సులిన్ మాత్రం అవసరానికి మూడింతలు ఊరుతోంది, ఒళ్లు దాని మాట వినడం లేదు. అలా పొంగిన ఇన్సులినే మెడ చర్మాన్ని నల్లబరిచిందని, ఎంత రుద్దినా పోదని ఆమె చెప్పింది.

"దీనికి తిండి మీద అదుపు లేదండీ" అన్నాడు తండ్రి తల దించుకుని.

డాక్టరమ్మ ఆయనను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. గాజు పలక మీద ఎప్పుడో దాచి ఉంచిన మనిషి కొవ్వు పలుచటి పొర. సబ్బు నురగలా గుండ్రటి గదులు, వాటి మధ్యగా సన్నటి రక్తనాళం.

"ఈ కొవ్వు ఊరికే పడి ఉంటుందనుకుంటాం మేస్త్రి గారూ. ఇది రాత్రీ పగలూ రక్తంలోకి కబుర్లు పంపుతూనే ఉంటుంది."

ఆమె పెదవులు కనబడేలా నిదానంగా చెప్పింది. కొవ్వులో లెప్టిన్ అనే హార్మోను పుడుతుంది. నిల్వ ఉంది, ఇక చాలు అని మెదడుకు చెబుతుంది. అడిపోనెక్టిన్ అని ఇంకొకటి ఇన్సులిన్ పని సాఫీగా సాగేలా చూస్తుంది. కొవ్వు మితిమీరితే ఈ రెండోది తగ్గిపోతుంది. పైగా కొవ్వులో వాపు మొదలై, ఇన్సులిన్‌కు అడ్డుపడే రసాయనాలు బయలుదేరతాయి. లెప్టినేమో పొంగిపొర్లుతుంది.

"చాలు చాలని అంత గట్టిగా చెబుతుంటే మరి మా చిన్ని ఎందుకు తింటోందండీ?"

"మీ షెడ్డులో మగ్గాలు మోగడం లేదా? మీకెందుకు వినబడదు? ఆ మోతకు మీ చెవుల్లాగే, లెప్టిన్ మోతకు ఈ అమ్మాయి మెదడు మొద్దుబారింది."

మేస్త్రి మళ్లీ మైక్రోస్కోపులోకి చూశాడు. కంటికి ఆనని ఈ గది ఎక్కడ, తలలో మెదడెక్కడ! ఎవరూ నేర్పకుండానే వీటి మధ్య ఇన్ని కబుర్లా? తన ఒంట్లోనూ, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయా ఒంట్లోనూ ఈ క్షణాన ఇదే నడుస్తోందా? ఆయనకు ఒళ్లు గగుర్పొడిచింది. వెంటనే చిన్నిని తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. వినబడదని తనను ఇంట్లో ఒక్కరూ ఏనాడూ కసురుకోలేదు.

పస్తులుంటే లెప్టిన్ ఒక్కసారిగా పడిపోయి ఆకలి రెచ్చిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. వేళకు మితంగా తిండి, రోజూ నడక, కంటినిండా నిద్ర, అవసరమైతే మందు. కాస్త బరువు తగ్గినా ఇన్సులిన్ మాట ఒళ్లు మళ్లీ వినడం మొదలుపెడుతుందట.

"కష్టం ఆ అమ్మాయి పడుతుంది, మీరు పక్కన ఉండండి. మనిషి ఒళ్లు చూసి గుణం లెక్కకట్టకండి" అందామె.

బయట బల్ల మీద తండ్రీ కూతుళ్లు కూర్చున్నారు. తప్పు తనదేనని, ఇంత సంగతి తనకు తెలియదని ఆయన తడబడుతూ చెప్పాడు. చిన్ని తన పెదవులు కనబడేలా తండ్రి వైపు పూర్తిగా తిరిగింది.

"ఆకలేస్తోంది నాన్నా."

రెండేళ్లలో ఆమె ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాట బిడ్డ భయపడకుండా చెప్పుకోగలిగిన ఇంట్లోనే డాక్టరు రాసిన మందు పనిచేస్తుంది.