అందుచేత

నాలుక మీద తడి చేసుకున్న చూపుడువేలిని ఇస్త్రీపెట్టె అడుగున ఇలా తాకించి అలా తీశాడు. చుయ్‌మంది. అంటే పెట్టె వేడెక్కింది. ఆ సంగతి అతనికి చెవి చెప్పిందే గాని వేలు చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళుగా రోజూ కాల్చుకున్న వేళ్ళవి; ఎప్పుడో అలిగి మాట్లాడటం మానేశాయి. పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా రెండు చేతులా దించేస్తాడు కాబట్టి ఇంటావిడ పట్టకారు పాడైనా కొత్తది కొనలేదు. ఇంట్లో ఒకటి ఉందిగా, రెండోది దండగ అంటుంది.

ఆదివారం ఉదయం ఏడున్నర. కొట్టు అంటే కొట్టు కాదు, రెండు మేడల మధ్య మిగిలిపోయిన సందుకు తలుపు బిగించారు. ఒక బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, దుప్పటి నిండా గోధుమరంగు మచ్చలు. గోడకు కట్టిన కడ్డీకి వీధిలో సగంమంది ఆరాధనకు వేసుకునే బట్టలు వేలాడుతున్నాయి. మొదట పాస్టరు గారి తెల్ల అంగీ, తర్వాత సంఘపెద్ద కోటు, ఆ తర్వాత మిగతా జనం. ఆఖరున టీచరమ్మ గౌను. అది లేత నీలం పొడుగు గౌను, చేతులకు మూడేసి బొత్తాలు. బొత్తాం చుట్టూ పెట్టె మొన తిప్పడానికే పావుగంట పడుతుంది.

టీచరమ్మ ఎదురు మేడ మీద ఉంటుంది. నలభై ఏళ్ళు బళ్ళో పిల్లలకు భాష చెప్పి, వ్యాకరణం రానివాళ్ళతో గోడకుర్చీ వేయించిన మనిషి. తుంటి విరిగి మంచం పట్టి నాలుగేళ్ళయింది. చర్చి మెట్లు ఎక్కి నాలుగేళ్ళయినా, ఆదివారం వచ్చేసరికి ఆ గౌను ఇస్త్రీ అయి, మంచం పక్క కుర్చీకి వేలాడాల్సిందే. వేసుకోని గౌనుకు ఇస్త్రీ ఎందుకమ్మా అని అతను ఒకసారి అడిగాడు. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కదయ్యా, బట్టలు సిద్ధంగా ఉండొద్దూ అంది.

గౌను తెచ్చినప్పుడల్లా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే. ఇవాళ పాస్టరు గారు ఏం చెప్పారు?

చిక్కంతా అక్కడే వచ్చింది. వారమంతా పొద్దుట్నుంచి దీపాలు పెట్టేదాకా నిలబడి పనిచేసే మనిషి, చర్చిలో బెంచీ మీద నడుం ఆనించగానే ఏమవుతాడు? ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు. అది చెక్క బెంచీ అని కూడా అతని నిద్ర ఎరగదు. మొదటి పాట అయ్యి ప్రసంగం మొదలయ్యే సరికి గడ్డం గుండెల మీద వాలిపోతుంది. ఇంటావిడ మోచేత్తో డొక్కలో పొడుస్తుంది. ఉలిక్కిపడి లేచి, వింటున్నట్టు రుజువు కావాలి కనుక, గట్టిగా "ఆమేన్" అంటాడు. ఒకసారి పాస్టరు గారు ఎవరిదో గొడుగు పోయిందని ప్రకటిస్తుంటే ఆమేన్ అన్నాడు. ఇంకోసారి సంఘపెద్ద అత్తగారికి మోకాళ్ళ నొప్పులని చెబుతుంటే ఆమేన్ అన్నాడు; ఆ సంఘపెద్ద నెలరోజులు కోటు ఇంకో కొట్లో ఇచ్చుకున్నాడు. అప్పట్నుంచి వీధిలో చిన్నాపెద్దా అతన్ని ఆమేన్ బాబాయ్ అనే పిలుస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళయితే ఆ పేరు విని, ఎంత భక్తిపరుడో అనుకుంటారు.

విననిదాన్ని చెప్పడం ఎలా? మొదటి ఆదివారం టీచరమ్మ అడిగినప్పుడు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయి, నోటికి వచ్చింది చెప్పేశాడు. అతని నోటికి వచ్చేది ఇస్త్రీ తప్ప ఏముంది? కాలరును ముందు నుంచి కాదు, వెనక నుంచి ఇస్త్రీ చెయ్యాలనీ, జనానికి కనబడేది ముందే అయినా దేవుడు మొదట చూసేది వెనకవైపేననీ, పాస్టరు గారు అన్నారని చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని విని, బాగుంది అంది. తర్వాతి వారం జేబుల ప్రసంగం: బట్టలు ఉతికేముందు జేబులు తడుముకోవాలి, ఎవరి జేబులో ఏ పాత కాగితం నానుతుందో ఎవరికి తెలుసు. ఆ పైవారం బొత్తాం. అలా నాలుగేళ్ళు, వారం తప్పకుండా. చెప్పడం అయ్యాక ఆవిడ దిండు కింద డబ్బాలోంచి ఆకుపచ్చ కాగితం చుట్టిన పిప్పరమెంటు ఒకటి తీసి, వచ్చే ఆదివారం చర్చిలో నోట్లో వేసుకో అని ఇచ్చేది. ప్రసంగానికి బహుమానం కాబోలనుకుని అతను మెట్లు దిగకుండానే చప్పరించేసేవాడు.

అబద్ధం ఒక్కటే అయితే అతను ఎలాగో మింగేసేవాడు. అతన్ని అసలు తొలిచేది వేరే ఉంది. చర్చిలో ప్రార్థన వేళ అందరి కళ్ళూ చెమ్మగిల్లుతాయి. ఇంటావిడయితే మొదటి మాటకే కొంగు తడిపేస్తుంది. సంఘపెద్ద అంతటి రాతి మనిషి కూడా ముక్కు చీదుతాడు. తనకు మాత్రం కళ్ళు దురద పెడతాయి, అంతే. దేవుడు దగ్గరికి వచ్చినట్టు ఒక్కసారంటే ఒక్కసారి అనిపించలేదు. అతను ప్రయత్నించకపోలేదు. ఉపవాసం ఉన్నాడు, మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి ఎవరి చొక్కాయో కాల్చాడు. మోకాళ్ళ మీద ప్రార్థన చేశాడు. లేవలేకపోతే ఇంటావిడ, పక్కింటావిడ చెరో రెక్కా పట్టి లేపారు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా పలకని దేవుడు ఇక పలుకుతాడా అని అతనికి బెంగ.

ఆ బెంగ కిందటి గురువారం నుంచి రెట్టింపయింది. టీచరమ్మను చూసుకునే మేనకోడలు కొట్టు దగ్గరకు వచ్చి, డాక్టరు గారు ఇక రోజులే అన్నారు బాబాయ్, ఈ ఆదివారం నువ్వే ప్రార్థన చెయ్యాలని అత్త పట్టుబడుతోంది అని చెప్పి వెళ్ళింది. అప్పట్నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. పోబోతున్న మనిషికి దారి చెప్పవయ్యా అంటే, తెలియని ఊరికి దొంగ దారి గీసిచ్చినవాడి పని అయింది. ఈ ఒక్క ఆదివారమైనా మెలకువగా ఉండి, అసలు ప్రసంగం పట్టుకెళ్ళి ఇచ్చి, ఉన్న నిజం ఒప్పేసుకోవాలని నిర్ణయించుకున్నాడు.

ఏర్పాట్లు గట్టిగానే చేసుకున్నాడు. తెల్లారి రెండు గ్లాసుల కాఫీ తాగాడు. జేబులో పిన్నీసు పెట్టుకున్నాడు. అన్నిటికీ మించి, అసలు కూర్చోనే కూడదనుకుని చర్చిలో వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. నిలబడితే అతన్ని నిద్ర ఏమీ చెయ్యలేదు. పాటలు అయ్యాయి, పాస్టరు గారు పుస్తకం తెరిచారు. సరిగ్గా అప్పుడు సంఘపెద్ద వెనక్కి తిరిగి చూశాడు. పాత కోపమంతా కడిగేసుకోవాలని ఆ వేళే ఎందుకు అనిపించిందో గాని, వెళ్ళి లోపలి గదిలోంచి కుర్చీ తెచ్చాడు. మామూలు కుర్చీ కాదు, దూది పరుపున్న కుర్చీ. వద్దండీ అన్నా వినకుండా భుజాలు పట్టి కూర్చోబెట్టాడు.

తర్వాత జరిగింది చెప్పడానికేముంది? పిన్నీసు జేబులో ఉండిపోయింది. కాఫీ ఏమైందో కాఫీకే తెలియాలి. మధ్యలో ఎప్పుడో తల గోడకు కొట్టుకుని మెలకువ వచ్చినప్పుడు పాస్టరు గారి నోట ఒక్క మాట వినబడింది. "అందుచేత." ఆ మాటను ఒడిసిపట్టుకుని, దాని తర్వాతది విందామని చెవులు రిక్కించాడు. చెవులు రిక్కించే ఉన్నాయి గాని మనిషి మళ్ళీ వెళ్ళిపోయాడు. జనం లేచి బెంచీలు జరుపుతుంటే ఉలిక్కిపడి ఆమేన్ అన్నాడు. అప్పటికి చర్చిలో సగం ఖాళీ.

మధ్యాహ్నం గౌను మోచేతి మీద వేసుకుని మేడ మెట్లు ఎక్కుతున్నప్పుడు అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. దేనిచేతో తెలియదు, అందుచేత ఏమైందో తెలియదు.

గది చిన్నది, కిటికీలోంచి ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చి ఆగింది. టీచరమ్మ దిండ్లకు ఆనుకుని ఉంది. వారంలో సగానికి సగం చిక్కిపోయింది. కళ్ళు మాత్రం గోడకుర్చీ వేయించిన కళ్ళే. అతను గౌను కుర్చీకి తగిలించి, భుజాలు సరిచేసి, చేతుల బొత్తాలు పెట్టాడు. ఆవిడ చూస్తూ ఉంది. తన ప్రశ్న వేసింది. అతను మంచం పక్క స్టూలు దగ్గరకు వెళ్ళాడు గాని కూర్చోలేదు.

"అమ్మగారూ, నాలుగేళ్ళుగా నేను చెప్పినవేవీ పాస్టరు గారు చెప్పినవి కావండీ. నేను నిద్రపోతానండీ. అన్నీ నా కల్పనే."

టీచరమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

"తెలుసులేవయ్యా. పాస్టరు గారు ప్రతి మంగళవారం వచ్చి ఆయనది ఆయన చెప్పిపోతారు. ఇన్నేళ్ళలో ఆ మహానుభావుడు బొత్తాం ఊసు ఒక్కసారైనా ఎత్తలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే మానేస్తావు. ఆయనది వింటే నాకూ నిద్రే వస్తుంది."

పిప్పరమెంట్లు ఎందుకిచ్చిందో అప్పటికి తెలిసింది అతనికి. దాదాపు రెండువందల పిప్పరమెంట్లు మెట్ల మీదే చప్పరించేసిన బుద్ధిహీనుణ్ణని సిగ్గుపడిపోయాడు. స్టూలు మీద కూలబడ్డాడు. కూర్చున్నాక ఇక ఆగలేదు, లోపల ఉన్నదంతా బయటపెట్టాడు. అందరూ ఏడుస్తారనీ, తనకు దురదేననీ, ఉపవాసం, మోకాళ్ళు, అన్నీ చెప్పాడు. ఆవిడకు మోకాళ్ళ సంగతి దగ్గర నవ్వొచ్చి దగ్గు తెర వచ్చింది.

"దేవుడు నాకు తెలియట్లేదండీ. ఇంత తెలియనివాణ్ణి, మీకోసం ప్రార్థన ఏం చేస్తాను?" అన్నాడు.

ఆవిడ చెయ్యి చాపింది. అతని కుడిచెయ్యి అందుకుని, వేళ్ళ కొసలు తిప్పి చూసింది. చెప్పు అట్టల్లా గట్టిపడి, పసుపుపచ్చగా, గీతలు కూడా చెరిగిపోయి ఉన్నాయవి.

"పెట్టె వేడెక్కిందని ఎలా తెలుసుకుంటావు?"

"తడివేలు ఆనిస్తానండీ. చుయ్‌మంటే ఎక్కినట్టు."

"వేలు కాలదూ?"

"కొత్తలో కాలేది. రోజూ తాకీ తాకీ, ఇప్పుడేం తెలియదండీ."

"తెలియట్లేదు కదా అని, పెట్టె చల్లగానే ఉందనుకుని ఎవరి చొక్కా మీదైనా వదిలేస్తావా?"

"ఎంతమాట. తగలబడిపోదండీ?"

టీచరమ్మ పిల్లవాడికి లెక్క తట్టేదాకా ఆగే పంతులమ్మ లాగా చూస్తూ ఉండిపోయింది. అతనికి తట్టీ తట్టనట్టు ఉంది. కిటికీ అవతల ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

ఇవాళ అసలేమీ వినలేదా అని అడిగింది ఆవిడ. ఒక్క మాట విన్నానన్నాడు, అందుచేత అని. ఆవిడ ఆ మాటను పెదవుల మీద రెండుసార్లు తిప్పింది.

"అందు... చేత. వ్యాకరణం ఒప్పుకోదు, మార్కులు తీసేస్తాను గాని," అంది, అతని చెయ్యి వదలకుండానే, "చెయ్యి చాపితే అందుతుందనేగా. ఇక కానీ. నీ మాటల్లోనే చెయ్యి, నిద్రపోకు."

అతను కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే ప్రమాదమని గుర్తొచ్చి మళ్ళీ తెరిచాడు. ప్రార్థన బయటికి చెయ్యడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. "ప్రభువా, నేనండీ, ఇస్త్రీవాణ్ణి," అని మొదలుపెట్టాడు. ఈవిడ నాలుగేళ్ళుగా బట్టలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుందనీ, అంత ఓపికగల మనిషిని వాకిట్లో ఎక్కువసేపు నిలబెట్టవద్దనీ అడిగాడు. భాషలో తప్పులు దొర్లితే ఆవిడ ఊరుకోదు కాబట్టి అక్కడి దూతలను కాస్త జాగ్రత్తగా మాట్లాడమని చెప్పమన్నాడు. తను చెప్పిన కాలరు ప్రసంగాలు ఆవిడ లెక్కలో కాకుండా తన లెక్కలో వేసుకోమన్నాడు. తనకు వేళ్ళు మొద్దుబారిపోయాయనీ, అయినా చెయ్యి తీయననీ, పనిలో ఉన్నంతకాలం పెట్టె వేడిగా ఉందనే నమ్ముకుంటాననీ చెప్పాడు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియదు. ఇంకా చాలా చెప్పాడు. తన మోకాళ్ళు, సంఘపెద్ద అత్తగారి మోకాళ్ళు కూడా కలిపేశాడు.

చివరికి యేసు నామంలో వేడుకుంటున్నాను తండ్రీ అని, ఆవిడ ఆమేన్ కోసం ఆగాడు.

ఆవిడ అనలేదు. చూస్తే తల పక్కకు వాలి ఉంది. నా ప్రార్థనకూ నిద్రపోయే మనిషి దొరికిందే అనుకుని అతనికి నవ్వొచ్చింది, కాస్త గర్వం కూడా వేసింది. పాస్టరు గారి స్థాయి అందుకున్నట్టేగా. నిద్ర చెడగొట్టకూడదని ఆవిడ చేతిని తన చేతిలో అలాగే ఉంచుకుని కూర్చున్నాడు. ఎండ మంచం కాళ్ళ దగ్గర్నుంచి గోడ మీదికి జరిగింది. దూది పరుపు కుర్చీలో నిలవని మెలకువ ఆ ముక్కాలి స్టూలు మీద నిలిచింది.

మేనకోడలు టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. అత్త నుదుటి మీద చెయ్యి వేసింది. మెడ దగ్గర వేసింది. గ్లాసు కిటికీలో పెట్టేసి, అతను పట్టుకున్న చేతిని తాకింది.

"బాబాయ్, చెయ్యి ఇంత చల్లబడింది, నీకు తెలియలేదా?"

తెలియలేదు. ఆవిడ ఎప్పుడు వెళ్ళిందో, ఏ మాట దగ్గర వెళ్ళిందో, ఆ వేళ్ళు అతనికి చెప్పలేదు. చెప్పకపోయినా, ఆవిడ వెళ్ళేదాకా ఆ చెయ్యి అతని చేతిలోనే ఉంది. అతను ఆ రెండు చేతులనూ చూస్తూ చాలాసేపు ఉన్నాడు. అప్పుడు కళ్ళు దురద పెట్టాయి. దురదతో ఆగలేదు, చెంపల మీదుగా కారి చొక్కా కాలరు తడిసింది. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఆమేన్" అన్నాడు, మెల్లగా. జీవితంలో మొదటిసారి సరైన చోట అన్నాడు.

మేనకోడలు ఏడుస్తూనే కుర్చీ మీది గౌను తీసింది. అతను దాన్ని అందుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ఎడమచేతి బొత్తాం దగ్గర వేలెడంత ముడత ఉంది. ఇలా పంపితే ఎలాగమ్మా, ఐదు నిమిషాల్లో తెస్తాను అని, గౌను మోచేతి మీద వేసుకుని గబగబా మెట్లు దిగాడు. కొట్లో పెట్టె వేడెక్కేదాకా నిలబడి, తడివేలు ఆనించాడు. చుయ్‌మంది.

మేడ మీద, మంచం పక్క స్టూలు ఖాళీగా ఉంది. దిండు అంచున, వచ్చే ఆదివారానికని ఆవిడ ముందే తీసిపెట్టిన పిప్పరమెంటు ఒకటి, ఆకుపచ్చ కాగితం విప్పకుండా అలాగే ఉంది.