మూడు మీటర్ల వైరు

"గినీపందుల గూట్లోకి ఓ చిన్న కెమెరా కావాలే. చవకది చూడు. లైటు వెలగనిది," అన్నాడు మా ఆయన విల్మెర్, నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే. గడప అవతలే నిలబడి అన్నాడు. పని చెప్పడానికి వంటగదిలోకి రావాల్సిన అవసరం ఆయనకెప్పుడూ లేదు.

డాబా మీద ఆ గినీపందులకి గడ్డి వేసేది నేను, గూడు కడిగేది నేను. వాటి మీద ఈయనకింత ప్రేమ ఎప్పుడు పుట్టిందో! అయినా సంతోషపడ్డాను. కింద షాపు బోర్డు మీద ఆయన పేరుంటుంది, టీవీలు బాగుచేసేది మాత్రం నేను. "టంకం వేసే సీసం కంపు కొట్టే ఆ చేతుల్తోనే చారు కాస్తావా?" అని మా అత్త ఇరవయ్యేళ్లుగా సాధిస్తూనే ఉంది. అలాంటిది, ఏ కెమెరా మంచిదో నన్నడిగాడు. ఆ మాత్రం గుర్తింపుకే పొంగిపోయాను, సిగ్గులేకుండా.

పరూరో వీధిలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే దోన్ ఫొర్తునాతో అనే ఆయన "రండి, మా ఇంజనీరమ్మ వచ్చారు" అంటూ గాజు బల్ల మీద మూడు కెమెరా బోర్డులు పరిచాడు. ఒకదాంట్లో బొమ్మ మసక. ఒకదాని ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, గూటికి అది చాలు. మూడోది వెడల్పుగా చూస్తుంది, చీకట్లో కూడా. విల్మెర్‌కి ఫోన్ చేశాను.

"గదంతా కనిపించేదే తీసుకో. వైరు మూడు మీటర్లు చాలు."

"గదేమిటి? కంప్యూటర్ దగ్గర్నుంచి డాబా మీదికి పదిహేను మీటర్లుంటుంది. అసలు ఈ రకం వైరు ఐదు దాటితే బొమ్మే సరిగా రాదు."

"చెప్పింది చెయ్యి. తెలివి చూపించకు."

దుకాణదారు వైరు చుడుతూ అడిగాడు. "మార్చిలో మీ ఆయన తీసుకెళ్లింది బాగా పనిచేస్తోందా సెన్యోరా? దాని లైటు నేనే పీకిచ్చాను."

మార్చిలో ఏ కెమెరా? మూడు మీటర్ల వైరు ఎక్కడిదాకా పోతుంది? విల్మెర్ కంప్యూటర్ బల్ల వెనక గోడ, గోడకవతల మేం అద్దెకిచ్చే గది. మార్చిలో అక్కడ ఎల్వా ఉండేది, నర్సింగ్ చదివే పిల్ల. ఏప్రిల్లో నా మొహమైనా చూడకుండా వెళ్లిపోయింది. మర్యాద తెలియని పిల్ల అని వీధంతా చెప్పాను. ఇప్పుడా గదిలో రోస్మెరీ ఉంటోంది. పోయిన నెలే పద్దెనిమిది నిండాయి.

కెమెరా కొనకుండా బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఎల్వాకి ఫోన్ చేశాను.

"ఆ కెమెరా నీ గది గోడలోనా?" అన్నాను.

చాలాసేపు ఏడ్చింది. అది కనబడగానే పీకి పారేసి వెళ్లిపోయానంది.

"నాతో ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"మీక్కూడా తెలుసనుకున్నానమ్మా."

బస్సులో ఇంటికెలా వచ్చానో తెలీదు. షాపులోంచి విల్మెర్ "తెచ్చావా?" అని కేకేశాడు. నేరుగా పెరట్లోకి నడిచాను. రోస్మెరీ అక్కడ బట్టలు ఆరేస్తోంది. దాని చేతిలో తడిబట్ట తీసి పక్కన పెట్టాను.

"పోలీసు స్టేషనుకి వెళ్దాం పద. దారిలో అన్నీ చెబుతాను."

"ఏమైంది సెన్యోరా?"

"నీ గదిలో, పైకప్పు కింద ఓ చిల్లుంది చూశావూ? గాలి ఆడటానికన్నాడు. ఆయన దాన్ని తొలుస్తుంటే, కింద నిచ్చెన పట్టుకున్నది నేనే."