షడ్డకుడి చేతిగడియారం

మజీద్ దుకాణం అద్దాల పెట్టెలో ఉన్న ఆ గడియారాన్ని ఎల్లయ్య మూడు నెలలుగా చూస్తున్నాడు. తెల్లటి ముఖం, సన్నటి నల్లని ముళ్లు, తోలు పట్టీ. మహబూబాబాద్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు తూకం వేయించే గుమాస్తా అతను. సాయంత్రం ఇంటికి పోతూ రోజూ ఆ దుకాణం ముందు కాసేపు ఆగేవాడు. కొనాలని ఉందని ఎవరికీ చెప్పలేదు, భార్య ముత్తమ్మకు కూడా.

1969 ఎండాకాలం మొదట్లో అతని షడ్డకుడు తిరుపతి ఒక గడియారం కొంటానని బయలుదేరాడు. ముత్తమ్మ చెల్లెలు భాగ్య భర్త అతను. బడిపంతులు, పక్క వీధిలోనే కాపురం. మంచిచెడ్డలు తెలిసినవాడని ఎల్లయ్యను మజీద్ దుకాణానికి వెంటబెట్టుకుపోయాడు. ఏది బాగుందని అడిగితే ఎల్లయ్య పసుపు ముఖమున్న వేరేదాన్ని చూపించాడు. తిరుపతి దానికే సరేనన్నాడు. మజీద్ ఊరుకోలేదు. దాని మిషన్ అంత మంచిది కాదని చెప్పి, తెల్లముఖం గడియారాన్ని తీసి పంతులు చేతికి కట్టాడు.

తర్వాత జాగ్రత్తలు చెప్పాడు. రోజూ పొద్దున ఒకే వేళకు, చేతి నుంచి తీసి చావి ఇవ్వాలి. మెల్లగా తిప్పుతూ, బిగుతుగా తగిలినచోట ఆపాలి. బలవంతం చేస్తే లోపలి స్ప్రింగు తెగుతుంది. దుమ్ములో తిరిగేవాళ్ల చేతికి ఇలాంటిది నిలవదని కూడా అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. ఎల్లయ్య మాత్రం తన చొక్కా చేతులకు అంటిన ఎర్రటి మిర్చిపొడిని చూసుకున్నాడు.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం అప్పటికే ఊరంతా పాకింది. బడులు మూతపడ్డాయి. స్టేషన్ దగ్గరి రిలే నిరాహారదీక్ష శిబిరంలో తిరుపతి రోజూ కూర్చునేవాడు. ఏ జట్టు ఎప్పుడు లేవాలో, ఏ రైలు ఎంత ఆలస్యమో అందరూ అతన్నే అడిగేవారు. అతను మణికట్టు తిప్పి చూసి చెప్పేవాడు. ఎల్లయ్య కూడా శిబిరంలో కూర్చున్నాడు, నినాదాలిచ్చాడు. గొంతు తనదే పెద్దది. అయినా జనం కళ్లన్నీ ఆ మణికట్టు మీదే ఉన్నట్టు తోచేది. ఒకనాడు ముత్తమ్మ కూడా మరిది చేతికి గడియారం ఎంత అందంగా ఉందో చెప్పబోతే, తింటున్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

జూన్‌లో ఒకరోజు రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. వ్యాన్ ఎక్కేముందు తిరుపతి గడియారం విప్పి, గుంపులో ఉన్న ఎల్లయ్య చేతిలో పెట్టాడు.

"జైల్ల గుంజుకుంటరన్నా. నీ దగ్గరుంచు. రోజు పొద్దుగాల జర చావియ్యి, ఆగనియ్యకు."

ఎల్లయ్య ఇంటికొచ్చి, తలుపు వేసుకుని దాన్ని కట్టుకున్నాడు. తిరుపతి వాడిన రంధ్రం దగ్గర పట్టీ అప్పటికే మడత పడింది. తన చేతికి అక్కడ బిగుతైంది. విప్పి, పెట్టెలో ధోవతుల అడుగున పడేశాడు. మర్నాడు పొద్దున చావి ఇవ్వలేదు. ఆ మర్నాడు పెట్టె తెరిచి విన్నాడు. చప్పుడు లేదు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

నాలుగోనాడు భాగ్య వచ్చింది. భర్తను వరంగల్ తీసుకుపోయారని తప్ప ఆమెకు ఏ కబురూ లేదు. గడియారం ఒకసారి చూస్తానని అడిగి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆగిపోయింది బావా."

"చావి ఇస్తనే ఉన్న. మాల్ మంచిది కాదు. మజీద్ మోసం జేసిండు," అన్నాడు ఎల్లయ్య.

భాగ్య అక్కను తోడు తీసుకుని అప్పటికప్పుడే దుకాణానికి బయలుదేరింది. వెంట పోకపోతే బాగుండదని ఎల్లయ్య కూడా పోయాడు. మజీద్ గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చావి ఇవ్వసాగాడు. చాలాసేపు చావి ఎక్కడా తగలకుండా వదులుగా తిరిగింది. సన్నముల్లు కదిలింది.

"దీనికి బీమారి ఏం లేదు బిడ్డా. మూడు నాలుగు దినాల సంది ఎవ్వరు చావియ్యలే," అన్నాడు మజీద్.

ముత్తమ్మ భర్త ముఖంలోకి చూసింది. భాగ్య చూడలేదు. గడియారాన్ని కొంగున ముడేసుకుని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి తనే పొద్దున్నే చావి ఇచ్చేది.

ఇరవై రెండు రోజులకు తిరుపతి విడుదలయ్యాడు. చూడవచ్చినవాళ్లతో అతని ఇంటి అరుగు నిండిపోయింది; ఎల్లయ్య కూడా వచ్చాడు. అతను గడియారం కట్టుకుని, దీన్ని అన్న దగ్గర పెట్టిపోయానని, ఒక్క పూట ఆగకుండా కాపాడాడని అందరికీ చెప్పాడు. భాగ్య ఏమీ చెప్పలేదని ఎల్లయ్యకు అప్పుడర్థమైంది. జనం వెళ్లేదాకా ఆగి నోరు విప్పాడు.

"నేను చావియ్యలే తిరుపతీ. కావాల్ననే ఆపిన. నువ్వు కొనకముందు సంది నా కన్ను దీని మీదనే ఉండె. నీ చేతికి జూస్తే ఓర్వలేకపోయిన."

"దుకాణంలనే ఒక్క మాటంటే ఇడిసిపెడుదును గదన్నా," అన్నాడు తిరుపతి.

నిజంగానే విడిచిపెట్టేవాడని ఎల్లయ్యకు తెలుసు. తిట్టినా బాగుండేదనిపించింది. అంత తేలిగ్గా వదులుకోగల ఆ మనసును చూస్తే గడియారాన్ని చూసినప్పటికన్నా ఎక్కువగా మండింది.

భాగ్య ఇద్దరికీ అన్నం పెట్టింది. ఎప్పటిలాగే బావకు ముందు వడ్డించింది. ఎల్లయ్య తలెత్తకుండా తిని, చేయి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.