తిన్నవాళ్ళ నోట పేరు

ఆత్రేయపురంలో ఆ పూతరేకుల షెడ్డు తెల్లారకుండానే మేలుకుంటుంది. ఎండు కొబ్బరాకుల మంట మీద కుండ బోర్లించి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని ఒక్క లాగు లాగితే రేకు లేచొస్తుంది. లాగడం అందరికీ చేతకాదండోయ్! వీరవేణి లాగితే ఆ తీరే వేరు.

ఆ షెడ్డు పూతరేకు ఎవరు తిన్నా, చేసినావిడ పేరు వాళ్ళ నోటంట వచ్చేస్తుంది. రాజమండ్రి పెళ్ళివారూ, హైదరాబాదు ఆఫీసుల్లో కుర్రాళ్ళూ "వీరవేణి" అనేసి, మూతి తుడుచుకుని పనిలో పడేవారు. అందులో వింతేముందీ? "నేనెక్కకపోయినా నా పేరు విమానాలెక్కింది," అని తలెత్తుకు తిరిగేది వీరవేణి.

షెడ్డు యజమాని భద్రిరాజుగారి తర్వాత వ్యాపారం కొడుకు ఆదిత్య చేతికొచ్చింది. ఆన్‌లైన్ ఆర్డర్లొచ్చాయి, ఎవరెన్ని రేకులు తీశారో లెక్కేసే యాప్ ఫోన్లోకి వచ్చింది. ఎక్కువ రేకులు తీసినవాళ్ళకి నెలాఖరున స్టార్ బిరుదూ, గోడ మీద ఫోటో. ఇంకేం, ఎవరి కుండ వాళ్ళదే, పక్కకి చూసే తీరికెవరికుంది? మణికట్టు పట్టేసిన వీరవేణి మాత్రం కొత్తగా చేరిన లోవమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టి నేర్పింది. అంతకుముందు అక్కడ ఎవరికీ ఎవరూ నేర్పిందే లేదు, అంతా చూసి నేర్చుకున్నవాళ్ళే. యాప్‌లో వీరవేణికి ఒక్క రేకూ పడలేదు.

"ఏమీ అనుకోకండి వీరవేణిగారూ, వచ్చే నెల నుంచి ఇంటిపట్టున ఉండండి," అన్నాడు ఆదిత్య.

"ఇంట్లో కూర్చుని నేనేం చేస్తానండి బాబూ?" అంది. ఆ పొగ పీల్చనిదే ఆవిడకి తెల్లారదు మరి.

మర్నాడు కాకినాడ నుంచి ఓ కంపెనీ మేనేజరు ఇంద్రజగారు దిగారు. దీపావళికి తమ ఉద్యోగులకి పంచడానికి పూతరేకులు కావాలట. ఆదిత్య చేతికందిన పూతరేకు పెట్టాడు. అది లోవమ్మ చేసింది.

"లోవమ్మ," అన్నారావిడ కొరకగానే. నోట్లో కరిగాక కళ్ళు మూసుకుని, "వీరవేణి," అన్నారు.

ఒక్క పూతరేకుకి రెండు పేర్లా! షెడ్డంతా చేతులాపి చూసింది. ఆదిత్య తనూ ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆపుకుందామన్నా ఆగలేదు, "లోవమ్మ... వీరవేణి" అనేశాడు.

"వీరవేణిగారెవరండీ?" అడిగారు ఇంద్రజ.

"నాకు నేర్పినావిడండి! అదిగో!" అని లోవమ్మ కేకేసింది.

"ఈ రుచే కావాలి నాకు," అన్నారు ఇంద్రజ.

ఆదిత్య మొహం ఎర్రబడింది. వీరవేణి దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. "తప్పయిపోయిందండి. ఇకమీదట స్టార్ నేర్పినవాళ్ళకే ముందు. కొత్తవాళ్ళంతా మీ చేతికిందే. మళ్ళీ వస్తారా?"

కడుపు నిండిపోయింది వీరవేణికి. కొంగు బిగించి దోపుకుంది.

"రావడమేంటి బాబూ? నేను వెళ్ళిందెప్పుడూ? లోవమ్మా, మంట తగ్గించవే, కుండ మాడుతోంది!"