గడియ లేని కిటికీ

జావ రంగు, అంతే, చల్లారి పైన తరక కట్టిన జావ రంగు, ఇంకేమీ కాదు, దీనికోసమా ఆరు వారాలపాటు నలభై రంగుముక్కలు గోడకి అంటించి, పొద్దుటి వెలుగులో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు వేసి ఒకసారి చూసుకుని, చివరికి తడి ఇసుక అని పేరు పెట్టి మురిసిపోయింది, తడి ఇసుకట, నా మొహం, పంతొమ్మిది రోజులుగా ఆ గోడకేసే చూస్తూ పడుకున్న నాన్నని అడిగితే తెలుస్తుంది అది ఇసుకో జావో, కానీ అడిగితే చెబుతాడా, పక్షవాతం ఎడం కాలునీ ఎడం చేతినీ పట్టింది గానీ నాలుక జోలికి పోలేదని డాక్టరు మొదటి వారమే తేల్చేశాడు, మాట ఉంది, మాట్లాడాలని లేదు, కాఫీ తాగుతావా నాన్నా అంటే ఊఁ, దిండు సర్దనా అంటే ఊఁ, రాదివోయే మేస్త్రీ అంటే మెషిన్ల ఫ్యాక్టరీ మొత్తానికి నోరున్న మనిషని పేరు, ఎవడైనా ఒక బోల్టు వంకరగా బిగిస్తే అవతలి షెడ్డు దాకా వినపడేలా తిట్టేవాడు, ఆ మనిషేనా ఈ మనిషి, యాస్న కుర్చీలో అటూ ఇటూ కదిలింది, కుర్చీ కిర్రుమంది, కిర్రుమనక ఏం చేస్తుంది, ఆసుపత్రి పాత భవనం వరండాలోంచి తనే ఈడ్చుకొచ్చిన చెక్క కుర్చీ, ఎందుకంటే ఈ కొత్త భవనంలో ఇరవై నాలుగు గదుల లోపలి అమరికంతా గీసింది తనే, ఒక్క గదిలోనూ చూడ్డానికొచ్చిన వాళ్ళకి కుర్చీ గీయలేదు, గదిలో ఖాళీ ఉంటే మనసుకి ఊపిరాడుతుందని, ఇప్పుడు ఈ కుర్చీ ఎక్కడ వేసినా దేనికో ఒకదానికి అడ్డమే, అందుకే గుమ్మంలో, సగం లోపల సగం బయట, మూసుకోబోయే తలుపుని వీపుతో ఆపుకుని కూర్చుంది.

రేపు పదింటికి డాక్టర్ల బోర్డు, ఇందాక ఆవరణ అవతలి గదిలో డాక్టర్ నేనాదోవిచ్ కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పాడు, చూడండమ్మా, ఇరవై ఒక్క రోజులు దాటి ఇక్కడ ఉంచాలంటే మెరుగుదల కనబడాలి, మీ నాన్నగారు తనంతట తను లేచి అయిదడుగులు వేస్తే చాలు, నేను కళ్ళు మూసుకుని సంతకం పెడతాను, వెయ్యకపోతే మంచానపడ్డవాళ్ళని చూసుకునే చోటికి రాసి పంపడం తప్ప నా చేతిలో ఏమీ లేదు, కాలు కదలదా అంటే కదులుతుంది, బలం ఉందా అంటే ఉంది, వ్యాయామం చేయించే ఆయన రెండు చంకలు పట్టుకుని లేపితే పిండిమూటలా ఆయనమీద వాలిపోతాడు, ఆయనకి లేవాలని లేదమ్మా, అన్నాడు డాక్టరు, లేవాలని లేదు, ఈ మాట వింటూ యాస్న తల ఊపింది, అక్కడ ఏడవకూడదని ఊపుతూనే ఉంది, బయటికొచ్చేసరికి కొండమీంచి వాన, సెప్టెంబరు వాన, గొడుగు లేదు, ఆవరణ దాటేలోపే జాకెట్టు, జుట్టు, చెప్పులు అన్నీ తడిసి ముద్ద, పోతే పోనీ అనుకుంది, నవ్వుమొహం పెట్టుకుని గదిలోకొచ్చింది, డాక్టరు చాలా బావుందన్నాడు నాన్నా అంది, అబద్ధం, ఊఁ అన్నాడు, అప్పుడు ఆ జావ గోడల మధ్య ఊపిరి అందక మంచం తలవైపున్న స్విచ్ తనే నొక్కింది, కిటికీ చప్పుడు లేకుండా, ఎంతో నాజూగ్గా, మనిషి చెయ్యి అక్కర్లేకుండా తెరుచుకుంది, వాన వెలిసింది గానీ గాలి మాత్రం మంచులో ముంచి తీసినట్టుంది, దాంతోపాటు కింద ఊళ్ళో ఎవరో ఎర్రమిరపకాయలు కాల్చి ఏడాది పచ్చడి పడుతున్న వాసన.

అమ్మ ఉంటే ఇప్పుడు చంపేసేది, దోబ్రిలమ్మగారి కూతురు తడి జుట్టుతో, ముందు కిటికీ వెనక తలుపు రెండూ బార్లా తీసి, సరిగ్గా ప్రొమాయాలో కూర్చోవడం, వియన్నాలో చదివేటప్పుడు తోటివాళ్ళకి చెప్పబోతే పడీపడీ నవ్వారు, గాలికి చచ్చిపోతారా మీ దేశంలో అని, గాలికి కాదు, ఇటునుంచి దూరి అటునుంచి పోయే గాలికి, మెడ పట్టేసినా ప్రొమాయానే, చెవి పోటెత్తినా ప్రొమాయానే, బోసిల్క పిన్ని మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో ఆవిడతో కాపురం పెట్టినా ఆ రోజు ఎవరో రెండు కిటికీలు తెరిచే ఉంటారు, జూలైలో బస్సులో నలభై మంది ఉడికిపోతున్నా అద్దం ఒక్క వేలెడు జరిపితే చాలు, ఎవరమ్మా అక్కడ, పిల్లలున్నారు ముసలాళ్ళున్నారు, చంపుతావా అని బస్సంతా లేచేది, అందుకే కదా ఒట్టు పెట్టుకుంది, తను గీసే గదుల్లో గాలి ఆడాలి, వెలుతురు పారాలి, భయాలు బయట ఉండాలి అని, తలుపుల పైన కనపడకుండా గాలి సందులు పెట్టింది, కిటికీలకి గడియలు, పిడులు, కొక్కేలు ఏవీ లేకుండా నున్నగా చేయించింది, చూసినవాళ్ళందరూ ఆహా అన్నారు, బెల్‌గ్రేడ్ నుంచి ఫొటోలు తీయడానికి మనుషులొచ్చారు, ఫొటోల్లో రోగులు లేరు, మంచాలు సర్ది తీశారు, రోగులు దిగిన మొదటివారంలోనే దాదాపు అన్ని సందుల్లోనూ తువ్వాళ్ళు కుక్కేశారు.

మీ గదులు బంగారంలా ఉన్నాయి ఇంజినీరమ్మా, అంది హెడ్ నర్సు స్తోయాంక, నడుంమీద చేతులు పెట్టుకుని, రోగులముందే, నాన్నని చేర్చిన రెండో రోజునే, చావడానికి ఇంతకంటే మంచి గది దేశంలో లేదు, పాత భవనంలో చూడండి, హాలుకి ఎనిమిది మంది, ఒకడు లేచి కిటికీ తీస్తాడు, ఇంకొకడు లేచి మూస్తాడు, ఇద్దరూ అమ్మనా బూతులు తిట్టుకుంటారు, తిట్టుకోవడానికి ఎదురెదురుగా నిలబడాలా వద్దా, నిలబడతారు, మూడు వారాల్లో నడుచుకుంటూ ఇంటికి పోతారు, ఇక్కడేమో మహారాజుల్లా పడుకుని స్విచ్చులు నొక్కుతారు, మంచినీళ్ళు చేతికే, దీపం చేతికే, ఆఖరికి పరదా కూడా చేతికే, ఇంక కాళ్ళెందుకమ్మా, యాస్నకి ఒళ్ళు మండిపోయింది, రోగికి ప్రశాంతత కావాలి సిస్టర్, పోట్లాట కాదు అంది, ఆవిడ సరేలెండి, మీరు చదువుకున్నవాళ్ళు అని చక్రాల బల్ల తోసుకుంటూ వెళ్ళిపోయింది, ఆ సరేలెండి ఇప్పటికీ చెవిలో ఈగలా తిరుగుతోంది, అబద్ధమైతే ఇంతగా తిరగదు, అయినా నాన్నకి స్విచ్ నొక్కేపాటి ఆసక్తి కూడా లేదు, ఆ స్విచ్ దేనికో కూడా తెలియదు, ఆయన దేన్నీ తెరవడు, దేన్నీ మూయడు, సందులో కుక్కమని తువ్వాలు కూడా అడగలేదు, ప్రొమాయాకి కూడా భయపడని మనిషి ఇంక దేనికి భయపడతాడు, దేనికి లేస్తాడు.

వీపు జివ్వుమంది, లేవాలి, లేచి ఏం చెయ్యాలి, ఫోను తీసి చూసింది, చెప్పుకోవడానికి ఎవరూ లేరు, మళ్ళీ సంచిలో పడేసింది, కళ్ళు మూసుకుంది, మూసుకున్నా హాయిగా లేదు, నిశ్ పట్నంలో నాన్న వంటిల్లు కనబడింది, పాత వంటిల్లు, కిటికీ కింద బల్ల, బల్లమీద వీధిలో వాళ్ళందరి ఇస్త్రీపెట్టెలు, జుట్టు ఆరబెట్టే మిషన్లు, సీసం కరిగిన వాసన, అమ్మ పోయాక ఆ వాసనలో ఆయన ఒక్కడూ ఎలా ఉంటాడులే అని తనే, ఎవరు చెయ్యమన్నారు, తనే, మూడేళ్ళ కిందట నెల రోజుల్లో ఫ్లాటంతా మార్చేసింది, కట్టెల పొయ్యి తీసేసి గోడకి వేడిగొట్టాలు, బాల్కనీకి అద్దాలు, బల్ల తీసేసి మెత్తటి సోఫా, ఇంక నువ్వు హాయిగా కూర్చో నాన్నా, కట్టెలు కొట్టక్కర్లేదు, బూడిద ఎత్తక్కర్లేదు, వీళ్ళ చెత్తంతా బాగుచెయ్యక్కర్లేదు అంది, ఎంత గొప్పగా అంది, ఆయన ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి చాలా బావుందిరా అన్నాడు, నన్నెక్కడ పెట్టావు, అన్నాడు నవ్వుతూ, తనూ నవ్వింది, అదేదో పెద్ద జోకన్నట్టు, నవ్వింది, దేవుడా, ఆ తర్వాత కూర్చున్నాడు, హాయిగా కూర్చోమంటే కూర్చున్నాడు, మూడేళ్ళు కూర్చుని కూర్చుని ఒకనాటి పొద్దున సోఫామీంచి పక్కకి ఒరిగిపోయాడు, డాక్టర్లు రక్తపోటు అన్నారు, ఉప్పు అన్నారు, వయసు అన్నారు, సోఫా అని ఎవరూ అనలేదు గానీ తనకి తెలుసు, తెలిసే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, చలికో దేనికో, ఒక కన్నీటి చుక్క ముక్కు పక్కనుంచి జారింది, తుడుచుకోలేదు, నాన్న గోడకేసి చూస్తున్నాడు కదా, ఎవరికి కనపడుతుంది, తుమ్మొచ్చింది, ఆపుకుందామంటే ఆగలేదు, ఒకటి, రెండు, వెంటనే మూడోది.

మంచం చప్పుడైంది, దొర్లి ఉంటాడు అనుకుంది, మళ్ళీ చప్పుడు, ఇది దొర్లడం కాదు, ఈ మంచం కదిలితే ఎలా మోగుతుందో పరీక్షలప్పుడు తనే విని ఒప్పుకుంది, ఇది అంచుమీద మనిషి కూర్చుంటే వచ్చే చప్పుడు, కళ్ళు తెరవబోయి ఆగింది, తెరిస్తే ఆగిపోతాడు, ఏమీ లేదురా అని మళ్ళీ పడుకుంటాడు, తెరవకపోతే, పడితే, తుంటి విరిగితే, సిస్టర్ని పిలవాలి, పిలవకూడదు, ఒక పాదం నేలని తాకిన చప్పుడు, రెండోది ఈడుస్తున్న చప్పుడు, గుర్రుగుర్రుమని ఊపిరి, ఒకటి, మంచం నుంచి కిటికీకి రెండు మీటర్ల పది సెంటీమీటర్లు, తను గీసిన గీతే, రెండు, మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు, ఖాళీ, మనసుకి ఊపిరాడే ఖాళీ, తగలబడిపోను, మూడు, నాలుగు, కిటికీ దగ్గర అరచేయి అద్దాన్ని తడుముతోంది, కింద తడిమింది, పక్కన తడిమింది, చట్రం చుట్టూ తడిమింది, లేదు నాన్నా, గడియ లేదు, పిడి లేదు, స్విచ్ నీ దిండు పక్కన ఉంది అని అరవాలని ఉంది, పెదవి కొరుక్కుంది, థూ అన్నాడు నాన్న, స్పష్టంగా, ఫ్యాక్టరీలో అన్నట్టు, మళ్ళీ అడుగు, ఈసారి ఇటు, తనవైపు, అయిదు, డాక్టరు అడిగిన అయిదు ఇదే, ఇక్కడ ఎవరూ లేరు రాసుకోవడానికి, ఆరు, నేలమీద దుప్పటి ఈడుస్తున్న చప్పుడు, ఏడు ఎనిమిది కలిసిపోయాయి, తూలాడు, నిలబడ్డాడు, తొమ్మిది, కుర్చీ వీపుమీద ఒక మోచెయ్యి ధబ్బున పడింది, బరువంతా, ఆ తర్వాత దుప్పటి తలమీద పడింది, సగం మొహంమీదకి, మందుల వాసన, గడ్డం గీసుకునే సబ్బు వాసన, బాగున్న కుడి చెయ్యి తడి జుట్టుని దుప్పటితో పరపరా రుద్దుతోంది, నొప్పెట్టేలా, చిన్నప్పుడు రుద్దినట్టే.

ఎవడ్రా ఈ కిటికీ చేసిన గాడిద, అన్నాడు నాన్న, గొంతు తుప్పుపట్టిన మరలా ఉంది గానీ నాన్న గొంతే, మూయడానికి ఒక గడియ పెట్టాలని కూడా తెలియని వెధవ, తల తడుపుకుని ప్రొమాయాలో కూర్చుంటావా, ఇంత చదువు చదివి, మీ అమ్మ చూస్తే నన్ను నరికేసేది, నేనే నాన్నా, అంది దుప్పటి లోపల్నుంచి, ఆ గాడిదని నేనే, ఆయన రుద్దడం ఆపాడు, ఒక్క క్షణం, నీకేం పోయేకాలం వచ్చిందే అలా చెయ్యడానికి అన్నాడు, మళ్ళీ రుద్దాడు, వీధి వీధంతా వినపడేలా ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు, రేపు పదింటికి బోర్డు ముందు కావాలంటే బకెట్టెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని ఈ గుమ్మంలోనే కూర్చుంటుంది, సిగ్గేమిటి, చలేస్తోంది నాన్నా, అంది, నిజంగానే వేస్తోంది, ఈ మాట ఆయనతో అని ఎన్నేళ్ళైందో, అమ్మ పోయినప్పుడు అనలేదు, తన పెళ్ళి విరిగిపోయినప్పుడు అనలేదు, జ్వరమొచ్చినా పనిమీద ఉన్నానని ఫోనులో చెప్పింది, ఈ పంతొమ్మిది రోజులూ పొడి కళ్ళతో, నవ్వుమొహంతో, చేతిలో పళ్ళరసంతో, తనకి దేనికీ లోటులేదన్నట్టు ఆయన ముందు నిలబడింది, కళ్ళు ఇంకా తెరవలేదు, ఆయన చెయ్యి భుజంమీద ఆనుకుంది, చాలా బరువుగా ఉంది, ఉండనీ, నీకేం కావాలి నాన్నా అని రోజుకి యాభైసార్లు అడిగింది గానీ, నువ్వు నాకు కావాలి అని ఒక్కసారి కూడా చెప్పలేదు.